నూటిరవై మందికి లాబ్‌స్టర్, పక్కన సాసులు. భీమిలిలో వడ్డించడం ఎలా?

భీమిలి_బ్యాచ్
అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో ఆదివారం మా ఇంజినీరింగ్ బ్యాచ్ కలుస్తోంది, పాతికేళ్లయిన సందర్భంగా. భీమిలి రోడ్డులో బీచ్ పక్కనే ఒక ఇల్లు మాట్లాడాం. పిల్లాజెల్లాతో కలిపి నూటిరవై మంది. కార్తీకం వెళ్లాకే పెట్టుకున్నాం, శనివారం తినని వాళ్లు ఎక్కువని ఆదివారానికి జరిపాం, కాబట్టి నీసు విషయంలో పేచీ లేదు. బిర్యానీ, చేపల పులుసు, వేపుళ్లు కేటరింగ్ వాళ్లు చూసుకుంటారు.

తలనొప్పంతా ఒక్క ఐటెం దగ్గరే. బయటి దేశాల నుంచి వస్తున్నవాళ్లు "విశాఖలో కలుస్తూ లాబ్‌స్టర్ లేకుండానా" అని గ్రూపులో పట్టుబట్టారు. ఖర్చు వాళ్లే పెట్టుకుంటారట. మనిషికొకటి, పక్కన ముంచుకు తినడానికి మూడు నాలుగు సాసులు, ఇదీ వాళ్ల ఊహ. కేటరింగ్ ఆయనేమో "మసాలా వేసి కూర చేసిమ్మంటే చేస్తాను, సాసులూ గీసులూ నాకు తెలీవు" అనేశాడు. ఎన్ని కిలోలు కొనాలి, చల్లారిపోకుండా ఎలా పెట్టాలి, సాసులేవి, ఎంతెంత? చేసినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం_కారం
మనిషికొకటా! ఏటి బాబూ, బ్యాచ్‌లో అందరూ అమెరికాలోనే సెటిలయ్యారేటి? మమ్మల్ని కూడా పిలవండి, పాత అటెండెన్స్ రిజిస్టర్లో పేరు రాయించుకుంటాం.

వన్‌టౌన్_వంటోడు
పెళ్లిళ్లకి వండే పని మాది, మా నాన్నగారి నాటి నుంచి. లాబ్‌స్టర్ కూడా పెద్ద పార్టీలకి చేశాం కాబట్టి చెప్తున్నాను.

మొదట ఆ "మనిషికొకటి" అన్నమాట మర్చిపోండి. పక్కన బిర్యానీ ఉంది, పులుసుంది. ముందు లాబ్‌స్టర్ మొత్తం తిన్నవాడు బిర్యానీ ముట్టడు, బిర్యానీ కోసం కడుపు ఖాళీ ఉంచుకున్నవాడు లాబ్‌స్టర్ సగంలో వదిలేస్తాడు. ఏదో ఒకటి చెత్తబుట్టలోకే. నిలువునా రెండు చెక్కలుగా కోసి మనిషికో చెక్క ఇవ్వండి. చూడ్డానికి పళ్లెం నిండుగా ఉంటుంది, తినడానికి సుళువు, సాసు కూడా మాంసానికి బాగా పట్టుద్ది.

నూటిరవైలో శాకాహారులు, చిన్నపిల్లలు, "వద్దులెండి" అనేవాళ్లు పోతే తినేది ఎంతమంది? అది ముందు తేల్చండి.

భీమిలి_బ్యాచ్
గ్రూపులో పోల్ పెట్టాం వన్‌టౌన్ గారూ. డెబ్భై మంది చేతులెత్తారు.

లెక్కలమాస్టారు
అయితే లెక్క ఇలా కట్టండి. డెబ్భై చెక్కలంటే ముప్ఫయ్యయిదు కాయలు, అంటే లాబ్‌స్టర్లు. చూసి నోరూరి వచ్చేవాళ్లకి, రెండోసారి అడిగేవాళ్లకి ఇంకో అయిదు. నలభై. ఒక్కోటి 400 నుంచి 500 గ్రాముల సైజు పట్టుకుంటే 16 నుంచి 20 కిలోలు. మన వైపు దొరికే రకానికి తోక సుమారు మూడో వంతు బరువుంటుంది, పెంకు తీస్తే ఇంకా తగ్గుతుంది. చెక్కకి యాభై అరవై గ్రాముల మాంసం వస్తే గొప్పే. బిర్యానీకి ముందు తినేదానికి అది చాలు. రేటు నేను రాయను, పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు.

బోస్టన్_బాబాయ్
మా ఊరి పద్ధతి చెప్తాను, పనికొస్తే తీసుకోండి. ఇక్కడ లాబ్‌స్టర్ అంటే ముందు రెండు పెద్ద గోళ్లు. మాంసంలో మంచి భాగం ఆ గోళ్లలోనే. అందుకే ఒక్కొక్కరికి మొత్తం కాయ పెట్టి, గోళ్లు పగలగొట్టే పటకారు, మెడకి ప్లాస్టిక్ గుడ్డ, బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు, కరిగించిన వెన్న గిన్నె. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు పక్కన. రెండు చేతులా పగలగొట్టుకు తినడమే పండగ. మీ స్నేహితుల ఊహ అక్కణ్ణుంచి వచ్చిందనుకుంటా.

కానీ మన బంగాళాఖాతం రకానికి ఆ గోళ్లే లేవు. ఒళ్లంతా ముళ్లు, ముందు రెండు పొడుగాటి మీసాలు, తిండి అంతా తోకలో. పటకార్లు, మెడ గుడ్డలు కొనకండి, దండగ. వన్‌టౌన్ ఆయన చెప్పినట్టు రెండు చెక్కలే సరైన పద్ధతి.

ఒక్క జాగ్రత్త. తలలో ఆకుపచ్చగా మెత్తగా ఉండే ముద్ద ఉంటుంది. దాన్ని ఇష్టంగా తినేవాళ్లున్నారు. మా ఈశాన్యపు లాబ్‌స్టర్లలో విషపదార్థాలు అక్కడ చేరతాయని 2008లో ఇక్కడి ఎఫ్‌డీఏ, అంటే ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, దాన్ని తినొద్దని చెప్పింది. మీరు కూడా వడ్డించే ముందు కడిగేస్తే పోయింది.

ఉప్పుగాలి
హార్బర్లో పుట్టి పెరిగినోణ్ణి. కొనడం గురించి నేను చెప్తా.

ఆదివారం పొద్దున్న సంచి పట్టుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్తే నలభై కాయలు ఒకే సైజులో దొరకవు. మంచివి వేలంలోకి రాకముందే ఎగుమతి వాళ్ల ఏజెంట్లకీ, హోటళ్లకీ మాట అయిపోయి ఉంటాయి. పది రోజుల ముందే ఒక ఏజెంటుని పట్టుకుని, సైజు చెప్పి, బయానా ఇచ్చేయాలి. ఒకడి దగ్గర పాతిక, జాలారిపేటలో తెలిసినవాళ్లుంటే మిగతావి. బల్లపరుపుగా, మీసాల బదులు రెండు చెంచాల్లాంటివి ముందుకొచ్చే రకం ఒకటి ట్రాలర్ వలల్లో పడతాది. చవక. దాని తోక మాంసం కూడా బాగుంటాది. చూపుకి ముళ్ల రకం, పొట్టకి బల్ల రకం అని సగం సగం తెచ్చుకున్నా తప్పులేదు.

ప్రాణంతో ఉన్నవే తీసుకోండి. వీపు పట్టుకుని పైకెత్తితే తోక ఠపాఠపా కొట్టుకోవాలి. తోక వేలాడిపోతే వద్దనేయండి. చచ్చినవి ఐసులో పెట్టి "ఇప్పుడే పోయింది బాబూ" అంటారు, నమ్మకండి. చచ్చాక మాంసం త్వరగా మెత్తబడి పిండిలా అయిపోతాది, ఏ సాసూ దాన్ని కాపాడదు. మీసం విరిగింది, కాలు ఊడింది అయితే పర్లేదు, రేటు తగ్గించుకోండి.

తెచ్చేటప్పుడు కుళాయి నీళ్లలో వేయకండి, చచ్చిపోతాయి. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, దాని మీద మందంగా పేపర్లు, పైన సముద్రపు నీళ్లలో తడిపిన గోనెసంచి, దాంట్లో కాయలు. ఐసు కరిగిన నీళ్లు వాటికి తగలకూడదు. మూత బిగించేయకండి, గాలాడాలి.

చేతులకి మందం గ్లవ్స్. ఆ ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి బూరెలా పొంగుద్ది.

సీతమ్మధార_అక్క
గుడ్లతో ఉన్నవి వస్తే ఏం చేయాలి ఉప్పుగాలి? మా ఆయన ఒకసారి తెచ్చారు, కడుపు కింద నారింజ రంగులో గుత్తి గుత్తిగా. చూస్తే మనసొప్పలేదు.

ఉప్పుగాలి
వద్దని చెప్పేయాలి అక్కా. పట్టినోడు వెనక్కి వదిలేస్తే మంచిది, కానీ కొనేవాడు వద్దంటేనే వాడు వదులుతాడు. వీటి పిల్లలు పెంకు గట్టిపడే దశకి రాకముందు సముద్రంలో నెలల తరబడి తేలుతూ తిరగాలి. అందులో బతికేవి కొన్నే. చిన్న సైజులు కూడా అంతే. ఎగుమతికి 2003 నుంచి కనీస బరువు పెట్టారు. గట్లు గట్లుగా తోక ఉండే హొమారస్ రకం 200 గ్రాములు, తోక మీద తెల్ల చారల పాలీఫేగస్ 300, పెద్ద రంగురంగుల ఆర్నేటస్ 500, బల్ల రకం 150. ఎగుమతికి పనికిరాని పిల్లకాయలు లోకల్లో అమ్ముడైపోతాయి, అదీ బాధ.

బోస్టన్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో గుడ్లున్న ఆడది బోనులో పడితే తోక రెక్క మీద వి ఆకారంలో చిన్న గాటు పెట్టి వదిలేస్తారు. తర్వాత గుడ్లు లేకుండా దొరికినా, ఆ గాటు కనిపిస్తే మళ్లీ వదలాల్సిందే. వీపు పెంకు మూడుంపావు అంగుళాలకి తక్కువుంటే అదీ వెనక్కే. పడవ మీద కొలబద్ద పెట్టుకునే తిరుగుతారు.

కంచరపాలెం_కారం
మన దగ్గర కొలబద్ద మా అత్తగారి చెయ్యి. "అరచేతికి సరిపోలేదు, వద్దు" అంటారు, అంతే.

భీమిలి_బ్యాచ్
ఉప్పుగాలి, చాలా థ్యాంక్స్. ఒకవేళ వాయుగుండం పడితే? డిసెంబరులో మన అదృష్టం తెలిసిందే కదా.

ఉప్పుగాలి
పడితే బోట్లు కదలవు, లాబ్‌స్టర్ లేదు. అప్పుడు గడ్డకట్టించిన తోకలు ఎగుమతి చేసేవాళ్ల దగ్గరో, సీఫుడ్ అమ్మే పెద్ద షాపుల్లోనో అడగండి. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి నెమ్మదిగా కరగనివ్వాలి. వేడినీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల ఐసు. అవీ లేకపోతే పెద్ద టైగర్ రొయ్యలూ, మండపీతలూ. ఇవే సాసులు వాటికీ సరిపోతాయి. స్నేహితులకి ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు మొహాలు మాడ్చుకోకుండా.

వన్‌టౌన్_వంటోడు
ఇప్పుడు వండటం. చిన్న పొయ్యి మీద రెండు రెండు చేస్తే సాయంత్రం దాకా అవదు. మా దగ్గర పెళ్లిళ్ల ఇడ్లీ పాత్రలుంటాయి, అరల అరలవి. వాటిలో ఆవిరికి పెట్టేస్తాం. ఆవిరి బాగా ఎత్తుకున్నాక అరకి ఆరేడు చొప్పున సర్దితే అరకిలో సైజుకి పది పన్నెండు నిమిషాలు. నీళ్లలో ఉడకబెట్టే వాళ్లయితే లీటరుకి ముప్ఫై ముప్ఫయ్యయిదు గ్రాముల ఉప్పు, అంటే సముద్రమంత ఉప్పన. కానీ ఆవిరే మేలు, రుచి నీళ్లలోకి పోదు.

ప్రాణంతో ఉన్నదాన్ని తిన్నగా వేడిలో వేయకండి. ముందు అరగంట ఉప్పు వేసిన ఐసు నీళ్లలో ఉంచితే కదలిక ఆగిపోతుంది. తర్వాత తల మధ్య కత్తిమొనతో ఒక్క పోటు.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తోక అడుగున సందులోంచి చూడండి. గాజులా మెరుస్తుంటే ఇంకా అవలేదు. పాలలా తెల్లబడితే అయిపోయింది. అక్కడి నుంచి రెండు నిమిషాలు ఎక్కువైతే రబ్బరే. అందుకే దింపగానే ఐసు నీళ్లలో ముంచాలి. తోక లోపలికి గట్టిగా చుట్టుకుపోయి ఉంటే అది ప్రాణంతో వచ్చింది అని గుర్తు. వదులుగా తిన్నగా ఉంటే పక్కన పడేయమంటాను నేను.

ఇక కోత. హార్బర్లో ఆడవాళ్లు కత్తిపీట మీద కొడతారే, తల నుంచి తోక దాకా ఒక్క ఒత్తుడు, అదే. చేతనైనవాళ్లని కూర్చోబెట్టండి. కాకపోతే పెద్ద కత్తెరతో పొట్టవైపు కత్తిరించి, తర్వాత కత్తి దించాలి. తోక మధ్యలో నల్లటి నరంలా పేగు ఉంటుంది, లాగేయాలి. తలలో ముద్ద కడిగేయాలి. ఈ పనంతా మధ్యాహ్నమే ముగించి చెక్కల్ని ఐసు మీద కప్పి ఉంచుకోండి.

సాయంత్రం జనం కూర్చున్నాక బొగ్గుల పొయ్యి మీద మాంసం వైపు కిందికి పెట్టి రెండు నిమిషాలు, తిప్పి వెన్న రాసి ఒక నిమిషం. లోపలి దాకా పొగలు కక్కేలా వేడెక్కాలి. పదేసి చెక్కలు వేసి, దింపి, నేరుగా పళ్లెంలోకి. అలా విడతలు విడతలుగా పంపుతుంటే ఎవరికీ చల్లారింది అందదు. అన్నీ ఒకేసారి కాల్చి ట్రేలో పేర్చితే మీరు ఎంత ఖర్చు పెట్టినా చివరి వరుస వాళ్లు తిట్టుకుంటారు.

సీతమ్మధార_అక్క
బీచ్ పక్కన అంటున్నారు, గాలి సంగతి చూసుకోండి. మా ఇంట్లో ఫంక్షన్ రుషికొండ దగ్గర చేస్తే ట్రేల కింద వెలిగించే జెల్ డబ్బాలు గాలికి ఆరిపోయాయి, వెలిగించడం, ఆరడం, రాత్రంతా అదే పని. వడ్డన బల్లలు ఇంటికి ఆనించి, గాలొచ్చే వైపు టెంట్ హౌస్ వాళ్లతో గుడ్డ కట్టించండి.

సాసుల గురించి నాకో పెద్ద అభ్యంతరం ఉంది. ఒక గిన్నె మధ్యలో పెట్టి నలుగురూ ముంచుకోవడం మన ఇళ్లల్లో కుదరదు. ఒకడు కొరికి, మళ్లీ ముంచాడంటే ఎంగిలి. పెద్దవాళ్లు చూసి చేయి కడిగేసుకుంటారు, నోరు తెరిచి చెప్పరు కూడా. ఎవరికి వాళ్లకి చిన్న గిన్నెలు ఇవ్వాల్సిందే.

భీమిలి_బ్యాచ్
ఇది నాకు అస్సలు తట్టలేదు అక్కా. మనిషికి నాలుగు సాసులంటే నాలుగు గిన్నెలా? డెబ్భై మందికి రెండొందల ఎనభై గిన్నెలు!

సీతమ్మధార_అక్క
నాలుగు ఎందుకు? వేడిది ఒకటి, చల్లటిది ఒకటి, మనిషికి రెండు గిన్నెలు. మిగతావి బల్ల మీద లోతు గిన్నెల్లో గరిటెతో పెట్టండి, కావాల్సినవాళ్లు తమ పళ్లెంలో వేసుకుంటారు. ముంచుడు వాళ్ల పళ్లెంలోనే. టెంట్ హౌస్‌లో పాయసం గిన్నెలు అద్దెకి దొరుకుతాయి, స్టీలువి. వేడి వెన్నకి ప్లాస్టిక్ కప్పు వద్దు, మెత్తబడుతుంది. విస్తరాకు దొప్పలు చూడ్డానికి ముచ్చటే కానీ నెయ్యి కారి చీరల మీద పడుతుంది.

మందులషాపు
కొంచెం పక్కకి వెళ్తున్నా, కానీ ముఖ్యం. రొయ్యలు, పీతలు పడనివాళ్లకి లాబ్‌స్టర్ కూడా చాలావరకు పడదు. అలర్జీ చేసే ప్రోటీన్ ట్రోపోమయోసిన్ అన్నిట్లో దాదాపు ఒకటే, ఎంత ఉడికించినా అది విరగదు. కాబట్టి "బాగా ఉడికింది, ఏం కాదు" అని బలవంతపెట్టకండి. మనవాళ్లకి ఆ బలవంతం అలవాటు. ఒకే నూనెలో రొయ్యలు వేయించి అందులోనే గోబీ వేయిస్తే కూడా ఇబ్బందే. శాకాహారుల బల్ల, గరిటెలు, పొయ్యి వేరుగా ఉంచండి. గ్రూపులో ముందే అడగండి, ఎవరికి ఏం పడదో.

ఉడికిన చెక్కలు వేడిగా ఉంటే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంటే 5 డిగ్రీల లోపు. మధ్యలో రెండు గంటలకి మించి వదలకండి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్ అస్సలు వద్దు. హైదరాబాదులో జనం జబ్బుపడ్డాక తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

కంచరపాలెం_కారం
ఇక సాసుల రాజ్యాంగ సభ మొదలెట్టండి. నా ఓటు పచ్చిమిరపకాయ పచ్చడికి. సాస్ అంటే ఫారిన్‌లో పచ్చడే కదా.

బోస్టన్_బాబాయ్
వెన్న వదలకు బాబూ. లాబ్‌స్టర్‌లో కొవ్వు తక్కువ, తియ్యటి రుచి. దానికి కొవ్వు తోడవ్వాలి. వెన్నలో ఎనభై శాతం దాకా కొవ్వు, మిగతాది నీళ్లు, పాల గట్టి పదార్థం. సన్నమంట మీద కరిగించి, పైన నురగ తీసి, అడుగున తెల్లటిది వదిలేసి తేరిన పసుపు భాగం వంపుకుంటే అదే ఇక్కడి వాళ్ల ముంచుడు వెన్న. రెండు కిలోలు కరిగిస్తే కిలోన్నర పైన వస్తుంది, డెబ్భై మందికి తలా ఇరవై గ్రాములు. సరిపోతుంది.

వన్‌టౌన్_వంటోడు
బాబాయ్ గారూ, మీరు వెన్న అన్నది ఇంకాస్త మంట మీద ఉంచితే మనకి నెయ్యి. ఆ మాడు వాసన వచ్చే ముందు దింపేయాలి, అంతే తేడా. డిసెంబరు రాత్రి భీమిలి గాలిలో గిన్నెలో పోసిన పావుగంటకే పేరుకుపోతుంది. పెద్ద పళ్లెంలో వేడినీళ్లు పోసి గిన్నెలు అందులో నిలబెట్టండి, వడ్డించేవాడు అప్పటికప్పుడు గరిటెతో పోయాలి. వెల్లుల్లి వేస్తే ఆ రోజు చేసింది ఆ రోజే. నెయ్యిలో వెల్లుల్లి వేసి రెండు రోజులు బయట పెట్టడం మంచిది కాదు, చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల బొటులిజం సూక్ష్మజీవి పెరగొచ్చు. మిరియాలు వేస్తే అరకువి వేయండి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీద పాకే తీగలవి, ఘాటుగా ఉంటాయి. అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి వేస్తే ఆ వాసన వేరు.

సీతమ్మధార_అక్క
ఇప్పుడు చల్లటి దానికి నేను రాస్తున్నా. మామిడల్లం. చలికాలంలో రైతుబజార్లో దొరుకుతుంది, చూస్తే అల్లమే, గిల్లితే పచ్చి మామిడికాయ వాసన. అరకిలో మామిడల్లం చెక్కు తీసి, పది పన్నెండు పచ్చిమిర్చి, రెండు కట్టల కొత్తిమీర, కాస్త బెల్లం, ఉప్పు వేసి మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టిన కిలో గట్టి పెరుగులో కలపాలి. నిమ్మరసం చివర్లో. పెరుగు ముందు రోజు రాత్రి కట్టి వేలాడదీయండి. పల్చగా ఉంటే చెక్క మీంచి జారిపోతుంది. సాయంత్రం దాకా ఐసు పెట్టెలోనే ఉంచాలి.

రెండోది ఆవ. మన కోస్తా వాళ్లకి పనసపొట్టులో, అరటికాయలో ఆవ పెట్టడం కొత్త కాదు కదా. ఆవపిండిని చల్లటి నీళ్లలో కలిపి పది నిమిషాలు ఆగితే ఘాటు పుడుతుంది. వేడి నీళ్లు పోస్తే పుట్టదు. పుట్టాక పులుపు తగిలిస్తే కాసేపు నిలుస్తుంది. కాబట్టి నీళ్లు, ఆగడం, తర్వాతే చింతపండు పులుసు, చివర్న చెంచా నువ్వుల నూనె. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే చేదు.

బోస్టన్_బాబాయ్
అక్కా, ఇక్కడ టమాటా సాసులో హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు తురిమి కలుపుతారు, ముక్కులోకి ఎక్కుతుంది. మీ ఆవ ఘాటు కూడా ఆ జాతిదే. కెచప్‌లో మీ ఆవ ముద్ద, నిమ్మరసం, చిటికెడు మిరియాలు కలిపితే పిల్లలకి, ఫారిన్ బ్యాచ్‌కి ఇద్దరికీ నచ్చే సాసు అయిపోతుంది. వేరు కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

లెక్కలమాస్టారు
సాసులన్నీ కలిపి తలా నలభై నుంచి యాభై మిల్లీలీటర్లు. డెబ్భై మందికి మూడున్నర లీటర్లు. ఎక్కువ చేయకండి, మిగిలిన పెరుగు సాసు రేపటికి పనికిరాదు.

మురళీనగర్_మౌనం
నాకు ఒకటే అనుమానం. అంత ఖర్చు పెట్టి తెచ్చి దాన్ని ఆవ, మామిడల్లంలో ముంచితే లాబ్‌స్టర్ రుచి ఏం మిగులుతుంది? ఉప్పు, నిమ్మకాయ చాలవా? నాకైతే పీత పులుసు ముందు ఇదంతా షోకే అనిపిస్తుంది.

వన్‌టౌన్_వంటోడు
మౌనం గారు మాట్లాడితే మాటే. సగం ఒప్పుకుంటాను. చెక్క మీద వెన్న, నిమ్మ తప్ప ఇంకేం రాయకుండా పంపండి. మిగతావి పక్కన గిన్నెలో. తినేవాడి ఇష్టం. మసాలా పట్టించి కాలిస్తే లాబ్‌స్టరో, చికెనో కళ్లు మూసుకుంటే తెలీదు, అది నిజం. పీత పులుసు గురించి పోటీ లేదు.

కోసేటప్పుడు పక్కకి తీసిన తలకాయలు, పెంకులు మాత్రం పారేయకండి. నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, టమాటా, నీళ్లు పోసి అరగంట మరిగించి వడకట్టండి. కేటరింగ్ వాళ్లతో చేపల పులుసులో ఆ నీళ్లు పోయించండి, అదిరిపోతుంది. అలా చేస్తే ఆ పులుసు దగ్గర "లాబ్‌స్టర్ కలిసింది" అని చీటీ పెట్టాలి, మందులషాపు గారు చెప్పారుగా.

మందులషాపు
అదే చెప్పబోతున్నా. థ్యాంక్స్.

సీతమ్మధార_అక్క
శాకాహారులకి కూడా అవే సాసులు పెట్టండి పాపం. చిలగడదుంప, మొక్కజొన్న, పనీరు వేరే కుంపటి మీద కాల్చి. మా మరదలు నీసు తినదు, ఎక్కడికెళ్లినా ఆమెకి పెరుగన్నమే. మార్గశిరం కదా, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి నెల. గురువారాలు చేసేవాళ్లు కొందరు నెలంతా నీసు ముట్టరు. మీ లెక్కలో వాళ్లని మర్చిపోయారేమో మళ్లీ అడగండి.

భీమిలి_బ్యాచ్
అడిగాను అక్కా. డెబ్భై కాస్తా అరవై రెండయ్యింది. బురుజుపేట ప్రభావం!

కాయలు ముప్ఫై నాలుగు చెప్పాను, ఏజెంటుకి బయానా ఇచ్చేశాను. ఇడ్లీ పాత్రలు వన్‌టౌన్ గారి లాంటివే టెంట్ హౌస్‌లో దొరికాయి. కేటరింగ్ ఆయన మెత్తబడ్డాడు, "బొగ్గుల పొయ్యి అయితే మా కుర్రోళ్లు చూస్తారు" అన్నాడు.

భీమిలి_బ్యాచ్
అయిపోయింది, బాగా జరిగింది. అడిగినవాళ్ల కోసం రాస్తున్నా.

వాయుగుండం రాలేదు. కాయలు ముప్ఫై నాలుగూ ప్రాణంతోనే వచ్చాయి, ఒక్కటి మాత్రం తోక సరిగ్గా చుట్టుకోలేదు, తీసేశాం. కోతకి జాలారిపేట నుంచి ఒక పిన్నిగారిని పిలిపించాం. కత్తిపీట మీద ఆవిడ పని చూడ్డానికే సగం బ్యాచ్ చుట్టూ మూగింది. కాలు పీట మీద వేసి, కాయని వీపు వైపు పట్టి తలలో దించి, ఒక్క లాగుడుకి రెండు చెక్కలు. పేగు తీయడం కూడా ఆ ఊపులోనే, వేలి గోరుతో. ఫోన్లు తీసి వీడియోలు తీస్తుంటే "మీసాలు పట్టుకుని లాగకండి, నా పని పాడవుద్ది" అని కసిరింది.

సాసుల్లో అందరికంటే ముందు అయిపోయింది మామిడల్లం. ఆవ పెద్దవాళ్లు తిన్నారు, పిల్లలు ఒకసారి నాలిక పెట్టి పరుగెత్తారు. కెచప్ సాసు ఎక్కువ మిగిలింది, ఫారిన్ వాళ్లు కూడా దాని వైపు చూడలేదు. వెన్న మాత్రం గరిటె పట్టుకున్నవాడు ఊపిరి తీసుకోకుండా పోశాడు. వేడినీళ్ల పళ్లెం రెండుసార్లు మార్చాల్సి వచ్చింది, గాలికి చల్లారిపోతుంటే.

బోస్టన్_బాబాయ్
కెచప్ సాసు సంగతి మా వాళ్లకి చెప్పను లే.

కంచరపాలెం_కారం
పెంకుల నీళ్లు పులుసులో పోశారా లేదా? అది చెప్పకుండా ముగిస్తే ఎలాగ?

భీమిలి_బ్యాచ్
పోశాం. చీటీ కూడా పెట్టాం. పులుసు బిర్యానీకంటే ముందే ఖాళీ అయ్యింది, కేటరింగ్ ఆయన ఆ పద్ధతి రాసి ఇమ్మని అడిగాడు. వన్‌టౌన్ గారూ, పెంకులు ఎంత ఎర్రబడే దాకా వేయించాలో కాస్త వివరంగా రాస్తారా?

వన్‌టౌన్_వంటోడు
ఇటుక రంగు వచ్చి, నూనె కూడా ఎర్రబడేదాకా. మంట మధ్యస్తం. నల్ల మచ్చలు పడితే చేదొస్తుంది. కళ్లు, మొప్పలు ముందే తీసేయమనండి. మరిగించేటప్పుడు మూత పెట్టొద్దు.